పాత కంప్యూటరు: బాగుచేయుటయా, మార్చుటయా?

ఇంటిలోని వస్తువు పాతబడినప్పుడు దానిని బాగుచేసికొనవలెనా, తీసివేసి మఱియొకటి కొనవలెనా అను ప్రశ్న గృహస్థులకు క్రొత్తది కాదు. నాలుగు పెంకులు పగిలినంత మాత్రమున ఇల్లు పడగొట్టువాడుండడు. గోడలు పునాదిదాక బీటలు వాఱినప్పుడు పెంకులు మార్చి ఊరకుండువాడును ఉండడు. బండి యిరుసు, నాగలి కఱ్ఱు, నూతి మోటారు, వీని విషయమున మన పెద్దలకు చక్కని వివేకము కలదు. ఏలయన, వాని లోపలి నిర్మాణమును వారెఱుగుదురు. కంప్యూటరు విషయమున మాత్రము ఆ వివేకమును మనము వాడుకొనుట లేదు. పెట్టె మూయబడి యుండును. లోపల నేమున్నదో తెలియదు. దుకాణదారు చెప్పినదే మనకు వేదమగుచున్నది. ఆ పెట్టెను కొంచెము తెఱచి చూపి, నిర్ణయము మీ చేతిలోనికి వచ్చునట్లు చేయుటయే నేటి నా ప్రసంగోద్దేశము.

ఉదాహరణముగా మా గ్రామ గ్రంథాలయమునందలి కంప్యూటరును తీసికొందును. దానిని 2014వ సంవత్సరమున కొంటిమి. నేను ఆ గ్రంథాలయ సంఘమున ఒక సభ్యుడను. పరీక్షల దరఖాస్తులు పంపుకొనుటకు పిల్లలును, అడంగలు నకళ్లు చూచుకొనుటకు రైతులును దానికొఱకే వత్తురు. అంతకంటె విలువైనది మఱియొకటి అందు కలదు. విశ్రాంతులైన ఉపాధ్యాయులొకరు మూడేండ్లు శ్రమపడి, ముసలివారి నోట విని, టైపుచేసిన మా గ్రామచరిత్ర, సుమారు మూడువందల పుటలు, ఆ యంత్రములోనే యున్నది.

2025వ సంవత్సరము నాటికి ఆ యంత్రము మిక్కిలి మందగించినది. మీట నొక్కిన పిమ్మట తెర సిద్ధమగుటకు ఏడెనిమిది నిమిషములు పట్టుచుండెను. పట్టణములోని యొక దుకాణదారుని అడుగగా, అది పాత ఇనుమునకు తప్ప దేనికిని పనికిరాదనియు, క్రొత్తది కొనవలసినదే యనియు చెప్పెను. సంఘములో రెండు పక్షములేర్పడినవి. క్రొత్తది కొన్నచో రెండేండ్లపాటు పుస్తకములు కొనుటకు దాచిన చందా సొమ్మంతయు దానికే చెల్లును. కొననిచో పిల్లలు దరఖాస్తులకై పట్టణమునకు పోవలసి వచ్చును. ఉభయ పక్షముల వాదమునందును న్యాయము లేకపోలేదు.

అప్పుడు మేము మూడు ప్రశ్నలు వేసికొంటిమి. లోపల నున్నదానిని ముందు కాపాడుట ఎట్లు? ఆలస్యము ఎక్కడ పుట్టుచున్నది? ఈ యంత్రము ఇంకెన్నాళ్లు క్షేమముగా నడచును? ఈ వరుసయే ముఖ్యము. చాలమంది మూడవ ప్రశ్నతో ప్రారంభించి, మొదటి ప్రశ్నను మఱచిపోవుదురు.

మొదటి ప్రశ్న. పాత కంప్యూటర్లలో వ్రాతలన్నియు హార్డు డిస్కు అను పేటికలో నిలువయుండును. దానిలో అయస్కాంతపు పూత పూసిన పళ్లెములు నిమిషమునకు సాధారణముగా 7200 మాఱులు తిరుగుచుండును. వాని మీద, వెండ్రుక మందముకంటె ఎన్నోరెట్లు తక్కువ యెడములో, చదువు ముల్లు కదలాడుచుండును. ఇట్లు తిరుగు వస్తువు ఏదైనను ఒకనాటికి అరిగి ఆగక తప్పదు. ఒక్కొక్కప్పుడు టకటక మను చప్పుడు ముందు వినవచ్చును. ఒక్కొక్కప్పుడు ఏ హెచ్చరికయు లేకయే ఆగిపోవును. కావున యంత్రమును విప్పుటకు పూర్వమే అందలి వ్రాతలకు నకళ్లు తీయవలెను. మూడు ప్రతులుండవలెను, అవి రెండు విధములైన సాధనములలో నుండవలెను, అందొకటి వేఱొక యింట నుండవలెను అనునది అనుభవజ్ఞులు పాటించు నియమము. దస్తావేజును పెట్టెలో దాచి, దాని నకలును వియ్యంకుని యింట నుంచు పద్ధతి మనకు తెలియనిది కాదు గదా! మేము గ్రామచరిత్రను ఒక పెన్ డ్రైవులోనికిని, విడిగా నుండు మఱియొక డిస్కులోనికిని ఎక్కించి, ఆ డిస్కును పాఠశాల బీరువాలో నుంచితిమి. ఆ పని ముగిసిన పిమ్మటనే మరలు విప్పితిమి.

ఇక రెండవ ప్రశ్న. చెఱువు నిండియున్నను తూము ఇఱుకైనచో పొలమునకు చాలినంత నీరు రాదు. అట్టిచో చెఱువుకట్ట నెత్తు చేసిన ప్రయోజన మేమి? తూము వెడల్పు చేయవలెను. కంప్యూటరునకును ఇదే న్యాయము. ఏ భాగము ఇఱుకుగా నున్నదో కనుగొనక సొమ్ము ఖర్చుచేయుట కట్ట నెత్తు చేయుటయే యగును.

ఆ భాగములు ముఖ్యముగా మూడు. పూర్వకాలపు కరణముగారిని తలచుకొనుడు. లెక్కలు కట్టు కరణముగారే ప్రాసెసరు. వారి ముందున్న వ్రాతబల్లయే ర్యాము అనబడు తాత్కాలికపు జ్ఞాపకశక్తి. గోడనున్న కాగితముల బీరువాయే హార్డు డిస్కు. బల్ల చిన్నదైనచో కరణముగారు మాటిమాటికి లేచి, ఒక కాగితమును బీరువాలో పెట్టి, మఱియొకటి తీసికొని రావలెను. బీరువా తలుపు బిగుసుకొని యున్నచో ప్రతి కాగితమునకును ఆలస్యమే. అప్పుడు కరణముగారి బుద్ధి ఎంత చుఱుకైనదైనను పని సాగదు. మన పాత యంత్రములలో తఱచుగా జరుగుచున్నది ఇదియే.

దీనిని కనుగొనుటకు విద్వాంసులక్కఱలేదు. విండోస్ నడచు యంత్రములో కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు అను మూడు మీటలను ఒక్కమాఱు నొక్కినచో టాస్కు మేనేజరు అను పట్టిక తెఱచుకొనును. అందు ప్రాసెసరు, మెమొరీ, డిస్కు నూటికెంత వంతు పనిలో నున్నవో కానవచ్చును. మా యంత్రములో ప్రాసెసరు నూటికి ఇరువది వంతులైన పనిచేయకుండగా, డిస్కు మాత్రము నూటికి నూఱు వంతులును చిక్కుకొని యుండెను. ర్యాము నాలుగు జీబీలలో మిగిలినది బహుస్వల్పము. అనగా కరణముగారు చేతులు కట్టుకొని కాగితమునకై ఎదురుచూచుచున్నారు. తూము ఎక్కడ ఇఱుకో తేలినది.

వెల పెట్టుటకు ముందు, వెలలేని చికిత్సలు కొన్ని కలవు. పెట్టెలో పేరుకొన్న దుమ్మును మెత్తని కుంచెతో తుడిపింపవలెను. దుమ్ముచేత గాలి యాడక ప్రాసెసరు వేడెక్కినచో, అది తన్ను తాను కాపాడుకొనుటకు వేగమును తగ్గించుకొనును. యంత్రముతో పాటు తమంత తాము మేల్కొను అనవసరపు కార్యక్రమములను ఆపవలెను. తేదీయు గడియారమును ప్రతిదినము తప్పుచున్నచో, మదరుబోర్డుమీది రూపాయి బిళ్ళవంటి చిన్న బ్యాటరీ క్షీణించినదని యెఱుగవలెను. తేదీ తప్పినచో అంతర్జాలపు పుటలు అనేకము తెఱచుకొనవు. అంత చిన్న బ్యాటరీ లోపమునకు యంత్రము చెడినదనుకొని మార్చువారును కలరు.

అటుపిమ్మట సొమ్ము పెట్టదగిన భాగములలో మొదటిది డిస్కు. హార్డు డిస్కులో ముల్లు ఒక చోటినుండి మఱియొక చోటికి జరిగి, పళ్లెము తిరిగి వచ్చువఱకు వేచియుండవలెను గనుక, చెదరియున్న వ్రాతలను అది సెకనుకు సుమారు నూటికి మించి తీయజాలదు. ఎస్.ఎస్.డి. యను క్రొత్త విధమైన నిలువ సాధనములో తిరుగు భాగములే లేవు. అది సెకనుకు వేలకొలది చోట్లనుండి వ్రాతలను తీయగలదు. పదేండ్ల నాటి యంత్రములలోను, పాత డిస్కు తగిలించు సాటా తీగకే దీనిని తగిలింపవచ్చును. రెండవది ర్యాము. ఇందొక జాగ్రత్త కలదు. డి.డి.ఆర్. 3, 4, 5 అను తరముల పలకలకు గాట్లు వేర్వేఱు చోట్ల నుండును. ఒకదాని స్థానమున మఱియొకటి పట్టదు. పాత పలకను చూపి అట్టిదే కొనవలెను. మఱియు 32 బిట్ల విండోసు నాలుగు జీబీలకు మించి వాడుకొనలేదు. అట్టిచో పలక కొన్నను ఫలము లేదు. ప్రాసెసరును మార్చుట మూడవది. అది సాధారణముగా దండుగ. క్రొత్త తరపు ప్రాసెసరు పాత మదరుబోర్డునకు అమరదు. మదరుబోర్డు మార్చినచో ర్యామును మార్చవలసి వచ్చును. అప్పుడు బాగుచేసితి మనుకొనుచు క్రొత్త యంత్రమునే ముక్కలు ముక్కలుగా కొన్నవారమగుదుము.

మూడవ ప్రశ్న క్షేమమును గూర్చినది. విండోస్ 10 అను వ్యవస్థకు మైక్రోసాఫ్టు కంపెనీవారు 2025 అక్టోబరు 14వ తేదీతో సాధారణ రక్షణను ముగించిరి. గృహోపయోగపు యంత్రములకు 2026 అక్టోబరు 13 వఱకు ప్రత్యేకముగా ఒక గడువు ప్రకటించిరి. రక్షణ ముగిసిన యంత్రము ఆగిపోదు. కాని క్రొత్తగా బయటపడు లోపములను పూడ్చువారుండరు గనుక, బ్యాంకు వ్యవహారములకు దానిని వాడుట గొళ్ళెము లేని తలుపును నమ్మి నిద్రించుట వంటిది. విండోస్ 11 వేయుటకు ఇంటెల్ వారి ప్రాసెసరు దాదాపుగా ఎనిమిదవ తరమునదైనను కావలెను. టి.పి.ఎం. 2.0 అను రక్షణ సాధనమును ఉండవలెను. తరమును గుర్తించుట సులభము. ఐ3 4130 అని యున్నచో నాల్గవ తరము, ఐ5 8400 అని యున్నచో ఎనిమిదవ తరము. అయిదంకెలున్నచో మొదటి రెండంకెలు తరమును తెలుపును. అర్హత లేని యంత్రములో అడ్డదారిని విండోస్ 11 ఎక్కించువారు కలరు గాని, అట్టివానికి మున్ముందు సవరణలు అందునన్న హామీ లేదని కంపెనీవారే చెప్పియున్నారు.

మా యంత్రము నాల్గవ తరమునది. కావున మాకు మిగిలిన మార్గములు రెండు: క్రొత్తది కొనుట, లేదా లినక్సు అను ఉచిత వ్యవస్థను వేసికొనుట. లినక్సునకు 1991వ సంవత్సరమున ఫిన్లండు విద్యార్థియైన లినస్ టోర్వాల్డ్సు అంకురార్పణ చేసెను. నేడు దానికి పలు రూపములు కలవు. అందు 2024వ సంవత్సరమున వెలువడిన లినక్సు మింటు 22వ కూర్పునకు 2029 వఱకు సవరణలు ఇత్తుమని దానిని నిర్మించువారు ప్రకటించిరి. అది పాత యంత్రములపైనను నడచును. తెలుగు వ్రాయుటకును చదువుటకును అందు వీలు కలదు.

అయితే గ్రామచరిత్ర వ్రాసిన పంతులుగారు ఇచట ఒక గట్టి ఆక్షేపణ తెలిపిరి. ఆయన టైపుచేసినది అను ఫాంట్లలో. ఆ అక్షరములు యూనికోడు పద్ధతివి కావు. వాని సాధనము విండోసునందే నడచును. వ్యవస్థ మార్చినచో మూడేండ్ల శ్రమ అర్థము లేని గుర్తుల కుప్పగా కనబడును. ఈ ఆక్షేపణ న్యాయమైనది. తెలుగునాట అచ్చు పనిలోనున్న వారందఱు దీనిని గమనింపవలెను. కావున పాత విండోసు ఉండగానే మేము ఆ పుటలన్నిటిని, ఎక్కడ తెఱచినను రూపు మాఱని పి.డి.ఎఫ్. ప్రతులుగా చేయించితిమి. పిదప యూనికోడులోనికి మార్పించితిమి. అట్టి మార్పిడిలో వత్తులును గుణితములును అక్కడక్కడ తాఱుమాఱగును. పంతులుగారును నేనును ఎదురెదురుగా కూర్చుండి, ఒకరు చదువుచుండగా ఒకరు సరిచూచి, మూడువందల పుటలను దిద్దితిమి. నెల పట్టినది. ఆ నెలలో యంత్రమును ఎవరును ముట్టలేదు.

తుదకు ఒక ఎస్.ఎస్.డి., నాలుగు జీబీల ర్యాము కొని, లినక్సు వేయించితిమి. క్రొత్త యంత్రపు వెలలో అయిదవ వంతైనను కాలేదు. తెర ఇప్పుడు నిమిషము లోపల సిద్ధమగుచున్నది. పాత హార్డు డిస్కును పాఱవేయక, మఱియొక నకలుగా బీరువాలో నుంచితిమి. పుస్తకముల సొమ్ము పుస్తకములకే మిగిలినది. అయినను ఇది శాశ్వతమని నేను చెప్పను. మదరుబోర్డు ఒకనాడు చెడును. ఆనాడు క్రొత్తది కొనవలసినదే.

కావున అన్నిటికిని ఇదే మందని భావింపకుడు. మదరుబోర్డుమీది చిన్న గొట్టములు తలలుబ్బి యున్నచో, యంత్రము తనంత తాను మాటిమాటికి ఆగుచున్నచో, బాగుచేయు వ్యయము క్రొత్తదాని వెలలో మూడవ వంతు దాటుచున్నచో, దానిపై ఆశ వదలుకొనుట మేలు. విండోసునందు మాత్రమే నడచు పని మీ జీవనాధారమైనచో లినక్సు మీకు తగదు. అట్టివారికి ఎనిమిదవ తరమునకు తక్కువ కానిది, కార్యాలయములు వాడి విడిచినది, హామీతో దొరకినచో అది నడిమి మార్గము. పాతదానిని ఇతరులకిచ్చునపుడు, వ్రాతలను కేవలము చెఱిపిన చాలదు. చెఱిపినవానిని తిరిగి తీయువారు కలరు. డిస్కును పూర్తిగా తుడిపించి యీయవలెను. పనికిరాని భాగములను కాల్చరాదు. వానిలో సీసము వంటి విషపదార్థములు కలవు. 2023 ఏప్రిలు నుండి అమలులోనున్న ఈ-వ్యర్థముల నిబంధనల ప్రకారము, అనుమతి పొందిన సంస్థలకే అప్పగింపవలెను.

పెద్దలారా, మీ యింటి పిల్లలు క్రొత్త కంప్యూటరు కావలెనని వచ్చినపుడు, వెంటనే కాదనకుడు, వెంటనే ఔననకుడు. టాస్కు మేనేజరులో ఏది నూటికి నూఱు చూపుచున్నదని అడుగుడు. ప్రాసెసరు ఏ తరమునదని అడుగుడు. వ్రాతలకు నకలు ఎవరి యింట నున్నదని అడుగుడు. ఈ మూడింటికిని జవాబు చెప్పగలవాని చేతిలో సొమ్ము పెట్టవచ్చును. చెప్పలేనిచో, సొమ్ము ఇచ్చుటకు ముందు ఆ జవాబులను కనుగొని రమ్మనుడు.