బెయిల్ వచ్చినా బయటికి రాని మనవాళ్ళు

సెల్లు కాసేపు జేబులో పెట్టండి, చివర్లో నేనే తీయమంటా.

మా చిన్నాయన ఒకాయన ఎర్రచందనం కేసులో లోపలికి పోయినాడు. తప్పు చేసినాడా లేదా అన్నది కోర్టు తేల్చాలి, నేను దాని జోలికి పోను. జడ్జి బెయిల్ ఇచ్చినరోజు గూడెమంతా సంబరపడ్డాం. ఆయన ఇంటికొచ్చింది మాత్రం ఇంకో రెండు నెలలకు! ఇద్దరు ష్యూరిటీలు కావాలన్నారు. భూమి పాస్‌బుక్కో, ఇంటిపన్ను రసీదో ఉన్నోళ్ళు. చెంచు గూడెంలో అవి ఎవరి దగ్గరుంటాయి? మా పిన్ని ఊర్లో భూమి ఉన్నాయన దగ్గరికి పోతే, సంతకం పెడితే నా చేన్లో ఎన్నాళ్ళు చేస్తారని అడిగినాడు.

ఇది కొత్త కథ కాదు. 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీకి పదివేల ష్యూరిటీ అడిగారు. అన్న ష్యూరిటీ ఇస్తానంటే, నీ ఆస్తి వేరే జిల్లాలో ఉందని తోసేశారు. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తప్పుపట్టి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. నలభై ఏళ్ళు దాటినా మనల్ని ఇంకా అదే అడుగుతున్నారు.

2022 నవంబర్ 26న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము, సంతాల్ ఆడబిడ్డ, సుప్రీంకోర్టు జడ్జీల ముందే జైళ్ళలో మగ్గే పేదల గురించి మాట్లాడింది. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఉత్తర్వులిచ్చింది. బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో మనిషి విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలి. నెలదాకా ష్యూరిటీ పెట్టలేకపోతే కోర్టు షరతు సడలించే విషయం చూడొచ్చు. లోకల్ ష్యూరిటీయే కావాలని పట్టుబట్టకూడదు. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీల పథకం పెట్టింది, అప్పట్లో విచారణ ఖైదీకి నలభై వేల దాకా సాయం అంది. మా పిన్నికి ఇవేవీ తెలియవు. డిగ్రీ చదివిన నాకూ అప్పుడు తెలియదు, సిగ్గుగానే చెప్తున్నా.

కొత్త చట్టం, బీఎన్ఎస్ఎస్ 479, మొదటిసారి కేసు పడ్డోళ్ళు శిక్షలో మూడో వంతు కాలం లోపలుంటే బెయిల్ ఇవ్వాలంటుంది. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు వర్తించదు. ఒకే మనిషి మీద ఒకటికి మించి కేసులుంటే కూడా వర్తించదు. ఎర్రచందనంలో ఒకరి మీదే నాలుగైదు కేసులు కడితే ఏమౌతుందో మీరే లెక్కేసుకోండి.

కాగితం దానంతట అది నడవదు, ఎవరో ఒకరు మోయాలి. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో ఇరవై మందిని కాల్చి చంపారు. చాలామంది తమిళ కూలీలు, వాళ్ళలో జవ్వాదు కొండల ఆదివాసులూ ఉన్నారు. బతికిన సాక్షులను మదురై పీపుల్స్ వాచ్ వాళ్ళు ఢిల్లీలో జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందుకు తీసుకెళ్ళారు. పౌరహక్కుల సంఘం హైకోర్టుకెక్కింది. వాళ్ళు కదలకపోతే పోలీసులు చెప్పిందొక్కటే మిగిలేది. అయితే సంఘాలు మన ప్రతి గూడేనికీ, తండాకూ రాలేవు. ఉన్న నలుగురే ఎన్ని చోట్లకు తిరుగుతారు?

అందుకే అడుగుతున్నా. న్యాయ సేవాధికార సంస్థల్లో పారా లీగల్ వాలంటీర్లను తీసుకుంటారు, లాయర్ కానక్కర్లేదు. కర్నూలు, కడప కోర్టుల్లో అడిగి అప్లికేషన్ పెట్టండి. ఎస్టీలకు ఉచిత లాయర్ 1987 చట్టం ఇచ్చిన హక్కు, ఆదాయం సర్టిఫికెట్ తెమ్మంటే సెక్షన్ 12 చూపించండి. మీ ఊర్లో లోపలున్నోళ్ళ పేరు, క్రైం నంబరు, అరెస్టు తేదీ, బెయిల్ ఉత్తర్వు తేదీ ఒక నోట్‌బుక్కులో రాసిపెట్టండి. రెండో తేదీ నుంచి ఏడు రోజులు లెక్కపెట్టండి.

ఇప్పుడు సెల్లు తీయండి. 15100. న్యాయ సహాయం నంబరు, టోల్‌ఫ్రీ. నేను కిందికి దిగేలోపు సేవ్ చేసుకోండి.