ఇంకొక్క మాట

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఆర్. బకాయిల సంగతి కార్యదర్శిగారు చెప్పేశారు. షుగరు సంగతి డాక్టరుగారు చెప్పేశారు. ఇక నాకు మిగిలింది కాలక్షేపం. టీవీకి అపరాధ పరిశోధన కథలు రాసి, స్వయంగా నిర్మించిన విలియం లింక్ అనే అమెరికా రచయిత గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. ఆయన ఒక్కడి గురించే చెప్పడం మాత్రం కుదరదు. రిచర్డ్ లెవిన్సన్ అనే స్నేహితుణ్ణి కలిపే చెప్పాలి.

డిటెక్టివ్ పిచ్చి మన తరానికి కొత్తది కాదు. అద్దెకు తెచ్చిన కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ నవలల్ని ఫైళ్ళ మధ్య పెట్టుకుని చదివినవాళ్ళు ఈ హాల్లో పదిమందైనా ఉంటారు, పేర్లు చెప్పను. మన విశాఖపట్నంలో పుట్టిన ఆరుద్రగారు కూడా డిటెక్టివ్ నవలలు రాశారు. తరువాత టీవీ వచ్చింది. 1985లో క్యారెట్ కొరుకుతూ కరంచంద్, 1993లో పంచె కట్టుకుని బ్యోమ్‌కేశ్ బక్షీ మన ముందు గదుల్లోకే వచ్చేశారు.

నేను కొలంబోని చూసింది మాత్రం రిటైరయ్యాకే. మా అమ్మాయి దగ్గరికి న్యూజెర్సీ వెళ్ళినప్పుడు, బయట మంచు, ఇంట్లో నేను, టీవీ. నలిగిన కోటు, పాత కారు, చేతిలో చుట్ట, మాటిమాటికీ పెళ్ళాం ప్రస్తావన. ఈయన పోలీసు ఇన్‌స్పెక్టరేమిటి, మా సెక్షన్లో గుమస్తాలా ఉన్నాడే అనుకున్నాను. ఆ పాత్రని పుట్టించింది ఈ మిత్రులిద్దరే.

లింక్ 1933లోను, లెవిన్సన్ 1934లోను ఫిలడెల్ఫియా ప్రాంతంలో పుట్టారు. హైస్కూలు మెట్టెక్కే వయసులో బడిలో కలిశారు. ఇద్దరికీ గారడీ అంటే ఇష్టం, ఇద్దరికీ హత్య కథలంటే ప్రాణం. అక్కడినుంచి కాలేజీ కూడా కలిసే. 1954లో వారి మొదటి కథ ఎల్లరీ క్వీన్ పత్రికలో పడింది. 1960లో టీవీ కోసం రాసిన ఒక నాటకంలో కొలంబో మొదటిసారి కనిపించాడు. దాన్నే పెంచి 1962లో రంగస్థలానికి రాశారు. 1968లో టీవీ చిత్రం చేశారు, అప్పుడు పీటర్ ఫాక్ ఆ వేషం వేశారు. 1971 నుంచి వరసగా వచ్చింది. ఆ ఏడాది వచ్చిన ఒక భాగానికి దర్శకుడు, అప్పటికి కుర్రవాడైన స్టీవెన్ స్పీల్‌బర్గ్.

ఈ కథల్లో తమాషా ఏమిటంటే హంతకుడెవరో మొదటే చూపించేస్తారు. హత్య మన కళ్ళ ముందే జరుగుతుంది. చేసినవాడు బాగా చదువుకున్నవాడు, డబ్బున్నవాడు, పలుకుబడి ఉన్నవాడు. తరువాత ఈ నలిగిన కోటు వస్తుంది. ఎవరు చంపారన్న ప్రశ్న లేదు, వీడెలా పట్టుకుంటాడన్నదే కథ. ఈ పద్ధతి ఇంగ్లండులో ఆస్టిన్ ఫ్రీమన్ అంతకు చాలా ముందే వాడారు. కొలంబో తీరుకి దొస్తాయెవ్‌స్కీ 'నేరము - శిక్ష'లోని పోలీసు అధికారి మూలమని ఈ మిత్రులు దాచుకోకుండా చెప్పారు. అప్పు ఒప్పుకునే రచయితలంటే నాకు గౌరవం.

కొలంబో ప్రశ్నలన్నీ అడిగి, సెలవు తీసుకుని, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరుగుతాడు. 'ఇంకొక్క మాటండీ' అంటాడు. అవతలివాడి ప్రాణం అప్పుడు పోతుంది. ఇదంతా గొప్ప ఆలోచన అనుకున్నాను. కాదట. నాటకం రాసేటప్పుడు కొలంబో వెళ్ళిపోయే దాకా టైపు చేసేశారు. చూస్తే రంగం పొట్టిగా ఉంది. మళ్ళీ మొదటినుంచి టైపు కొట్టడానికి బద్ధకం వేసింది. అందుకని వెళ్ళినవాణ్ణి గుమ్మంలోంచి వెనక్కి పిలిచారు! ఈ సంగతి లింక్ స్వయంగా చెప్పుకున్నారు. నాలుగు కార్బన్ కాపీలతో స్టేట్‌మెంటు కొట్టాక ఒక అంకె తప్పని తేలితే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

ఇలా వెనక్కి తిరిగేవాడు మా ఆఫీసులోనూ ఒకడుండేవాడు. నా పక్క సీటే. ఒకరినొకరం 'గురూ' అనుకునేవాళ్ళం. ఒకసారి ఒక అధికారి టి.ఎ. బిల్లు వచ్చింది. మావాడు అంతా చూసి, బాగుందండీ అని లేచి, తలుపు దగ్గర ఆగి, "అనకాపల్లి క్యాంపు రోజున ఇక్కడ హాజరు పట్టీలో తమ సంతకం ఉందేమిటండీ?" అన్నాడు. గొంతు పెంచలేదు. బిల్లు వెనక్కి వెళ్ళింది. మావాడు కూడా ఆర్నెల్లలో వేరే సెక్షన్‌కి వెళ్ళాడనుకోండి.

మళ్ళీ లింక్ దగ్గరికి వస్తాను. 1984లో ఈ ఇద్దరూ పీటర్ ఫిషర్‌తో కలిసి 'మర్డర్, షీ రోట్' మొదలుపెట్టారు. అందులో పరిశోధకురాలు భర్త పోయిన పెద్దావిడ, రిటైరైన ఇంగ్లీషు టీచరు. ఏంజెలా లాన్స్‌బరీ వేసిన ఆ వేషం పన్నెండేళ్ళు, 264 భాగాలు నడిచింది. రిటైరైనవాళ్ళకి ఇంట్లో ఎవరు మాట వింటారు అని బాధపడే మన ఆడవాళ్ళు తప్పక చూడాలి.

అది నడుస్తుండగానే, 1987లో, లెవిన్సన్ గుండెపోటుతో పోయారు. యాభై రెండేళ్ళు. నలభై ఏళ్ళ జత. లింక్ రాయడం మానలేదు. 1991లో 'ది బాయ్స్' అని టీవీ చిత్రం రాశారు. జంటగా రాసే ఇద్దరు స్నేహితుల కథ, అందులో ఒకడికి ప్రాణం మీదికి వస్తుంది. 2010లో కొలంబో కథల పుస్తకం ఒక్కరే వేశారు. 2020 డిసెంబరులో, 87వ ఏట పోయారు.

ఈ వివరాలు చదువుతున్నప్పుడు నాకు మా గురువే కళ్ళలో మెదిలాడు. మేమిద్దరం రిక్రియేషన్ క్లబ్బుకి ఏటా నాటిక రాసేవాళ్ళం. పోర్టు ఓడ కూత వినబడే చిన్న గదిలో, ఆదివారాలు. మాటలు నావి, మలుపులు వాడివి. రిటైరయ్యాక ఒక హత్య నాటిక మొదలుపెట్టాం. 2016లో వాడు పోయాడు. ఆ కాగితాలు ట్రంకుపెట్టెలో పెట్టాను, తీయలేదు.

కిందటి నెల తీశాను. రెండు రంగాలున్నాయి. చంపినవాడు స్టీవ్‌డోరు కంపెనీ మేనేజరు, అది మొదట్లోనే తెలిసిపోతుంది. గుమస్తా వాణ్ణి పట్టుకుంటాడు. ఎలా పట్టుకుంటాడో మా గురువు నాకు చెప్పలేదు. ఆఖరి కాగితం మీద వాడి చేతిరాతతో 'గేటు పాసు - తారీఖు చూడు' అని మాత్రం ఉంది. నెల రోజులుగా ఆ తారీఖు ఏమై ఉంటుందా అని చూస్తున్నాను. ఈ హాల్లో పోర్టులో గేటు పాసులు రాసినవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. భోజనాల దగ్గర ఒకసారి నాతో కూర్చోండి. కాగితాలు సంచీలో తెచ్చాను.