రెండు కడ్డీల ఒప్పందం: ఎత్తు పెంచిన జీపులో స్టీరింగ్



ఈ పాఠానికి కావలసినవి ఒక స్కేలు, ఒక గుండుసూది, ఒక అట్టముక్క, ఒక పెన్సిలు. స్కేలును అడ్డంగా పెట్టి ఒక చివరను సూదితో అట్టకు గుచ్చండి. రెండో చివర దగ్గర పెన్సిలు ఆనించి, ఆ చివరను మెల్లగా కిందికి దించండి. పెన్సిలు గీసింది నిలువు గీత కాదు, వృత్త చాపం. అంటే ఆ చివర కిందికి దిగుతూ కొంచెం పక్కకు, సూది వైపుకు కూడా జరిగింది. ఈ ‘కొంచెం పక్కకు’ అన్నదాని మీదే ఒక బండి క్షేమం ఎలా ఆధారపడుతుందో చూద్దాం.

జీప్ ర్యాంగ్లర్ అనే బండిని తీసుకుందాం. అమెరికాలోని యూటా రాష్ట్రంలో మోయాబ్ అనే ఊరి చుట్టుపక్కల రాతి దారుల్లో నడపడానికి ఇలాంటి బండ్లను ఎత్తు పెంచుతారు. మన దేశంలో ర్యాంగ్లర్ 2016లో అమ్మకానికి వచ్చింది. 2021లో పుణె దగ్గరి రంజన్‌గావ్‌లో దాని కూర్పు మొదలైంది.

దీని ముందు చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు ఉంటాయి. చాసిస్‌కు, ఇరుసుకు మధ్య కాయిల్ స్ప్రింగులు ఉంటాయి. స్ప్రింగులు బరువు మోస్తాయి గాని, ఇరుసు పక్కకు జరగకుండా ఆపలేవు. ఆ పని ట్రాక్ బార్ అనే కడ్డీది. దాని ఒక చివర చాసిస్‌కు, రెండో చివర ఇరుసుకు బిగించి ఉంటాయి. రెండో కడ్డీ డ్రాగ్ లింక్. స్టీరింగ్ బాక్సు కింద ఉండే పిట్‌మన్ ఆర్మ్ నుంచి బయలుదేరి, అవతలి చక్రాన్ని తిప్పే చేతిని పట్టుకుంటుంది. మూడోది టై రాడ్. ఇది రెండు చక్రాలనూ కలిపి తిప్పుతుంది.

మొదటి రెండు కడ్డీలూ మీ స్కేలు వంటివే. బండి ఎగిరిపడినప్పుడు రెండింటి చివరలూ చాపం మీదే కదులుతాయి. అయితే వాటిని దాదాపు సమాంతరంగా, దగ్గర దగ్గర పొడవుతో అమర్చుతారు. ఇరుసు ఎంత పక్కకు జరిగితే డ్రాగ్ లింక్ చివర కూడా దాదాపు అంతే జరుగుతుంది. అందువల్ల చక్రం దానంతటది తిరగదు. ఇదే రెండు కడ్డీల ఒప్పందం.

ఇప్పుడు లెక్క చూద్దాం. కడ్డీ పొడవు 80 సెంటీమీటర్లు, మొదట అది అడ్డంగా ఉంది అనుకుందాం. చివర 5 సెంటీమీటర్లు దిగితే, పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం అది పక్కకు 1.6 మిల్లీమీటర్లు జరుగుతుంది. మరో 5 సెంటీమీటర్లు దిగితే ఇంకో 4.7 మిల్లీమీటర్లు, మరో 5 దిగితే ఇంకో 7.9 మిల్లీమీటర్లు. నిష్పత్తి దాదాపు 1 : 3 : 5. కింద పడే వస్తువుల గురించి గెలీలియో చెప్పిన బేసి సంఖ్యల వరుస ఇదే! దీని అర్థం ఏమిటి? కడ్డీ ఎంత ఏటవాలుగా ఉంటే, అదే కుదుపుకు పక్క కదలిక అంత ఎక్కువ.

నా పూర్వ విద్యార్థి ఒకడు తన బండిని 10 సెంటీమీటర్లు ఎత్తించాడు. రెండు కడ్డీలూ ఏటవాలయ్యాయి. మెకానిక్ కిందికి వంగిన పిట్‌మన్ ఆర్మ్ వేసి డ్రాగ్ లింక్‌ను మాత్రం మళ్లీ అడ్డంగా తెచ్చాడు. చూపుకు ముచ్చటగానే ఉంది. “కానీ స్పీడ్ బ్రేకర్ ఎక్కితే స్టీరింగ్ ఎవరో లాగినట్టవుతోంది సార్” అన్నాడు.

కారణం మీరే చెప్పగలరు. చక్రాలు 5 సెంటీమీటర్లు పైకి లేచినప్పుడు, ఏటవాలు ట్రాక్ బార్ ఇరుసును 4.7 మిల్లీమీటర్లు ఒక పక్కకు నెడుతుంది. అడ్డంగా ఉన్న డ్రాగ్ లింక్ తన చివరను 1.6 మిల్లీమీటర్లు ఎదురు పక్కకు లాగుతుంది. తేడా 6.3 మిల్లీమీటర్లు. చక్రాన్ని తిప్పే చేయి 15 సెంటీమీటర్లు ఉంటే, చక్రం దాదాపు 2.4 డిగ్రీలు తిరుగుతుంది, డ్రైవరు తిప్పకుండానే! దీన్ని బంప్ స్టీర్ అంటారు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదురుగా లారీ వస్తుంటే ఆ 2.4 డిగ్రీలు చిన్న విషయం కాదు. తప్పు ఏటవాలులో కాదు, ఒక కడ్డీని మార్చి రెండోదాన్ని వదిలేయడంలో ఉంది.

మరి సరిచేసే క్రమం ఏమిటి? బండి చదునైన నేల మీద, తన చక్రాల మీదే నిలబడి ఉండాలి. మొదట రెండు కడ్డీల ఏటవాలు సరిపోలేటట్టు చూడాలి. తరువాత, పొడవు మార్చగల ట్రాక్ బార్‌తో ఇరుసును చాసిస్ మధ్యకు తేవాలి. ఇరుసు వెనక్కి ఒరిగే కోణం, అంటే క్యాస్టర్, ఎత్తు పెంచినప్పుడు తగ్గుతుంది. అది తగ్గితే మలుపు తరువాత స్టీరింగ్ తనంతట తాను సరిగా తిరిగిరాదు. కనుక దాన్ని కూడా సరిచేయాలి. ఆపైన టై రాడ్‌తో రెండు చక్రాల ముందువైపు దూరాన్నీ వెనుకవైపు దూరాన్నీ కొలిచి సరిచేయాలి. చివరన చక్రాలు నేరుగా ఉంచి, డ్రాగ్ లింక్ మీది మరల గొట్టాన్ని తిప్పి స్టీరింగ్ చక్రాన్ని నిటారుగా తేవాలి.

చాలామంది ఈ చివరి పనితోనే మొదలుపెట్టి, అక్కడే ఆపేస్తారు. స్టీరింగ్ చక్రం నిటారుగా కనిపించినంత మాత్రాన జ్యామితి సరిపోయినట్టు కాదు. పొడవు మారిస్తే బండి నిలుచున్నప్పటి తప్పు పోతుంది. ఏటవాలులు కలిస్తేనే నడిచేటప్పటి తప్పు పోతుంది. అలాగని స్టీరింగ్‌ను వంకరగా వదిలేయడమూ తగదు. బండి జారకుండా కాపాడే ఎలక్ట్రానిక్ వ్యవస్థ స్టీరింగ్ కోణాన్ని చూసే నిర్ణయం తీసుకుంటుంది. కోణం తప్పైతే దాని నిర్ణయమూ తప్పవుతుంది.

ఒక హెచ్చరిక. మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు నిర్ణయించిన మూల వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. కనుక ఈ పాఠాన్ని బండి ఎత్తు పెంచడానికి ప్రోత్సాహంగా తీసుకోకండి.

ఇప్పుడు మళ్లీ అట్టముక్క దగ్గరికి రండి. రెండో స్కేలు తెచ్చి మొదటిదానికి సమాంతరంగా గుచ్చి, రెండింటినీ కలిపి దించండి. తరువాత ఒకదాన్ని ఏటవాలుగా, రెండోదాన్ని అడ్డంగా ఉంచి దించండి. చివరల మధ్య తేడాను కొలవండి. మా విద్యార్థి రోడ్డు మీద నేర్చుకున్నది మీరు బల్ల మీదే నేర్చుకుంటారు.