వెన్నుపామును నొక్కిన వాపు

పెనుకొండ కొండమెట్లు నేను బాల్యమునుండి యెక్కినవే. ఒకనాడు వానిపై నడచుచుండగా నా యెడమకాలి చెప్పు జారిపోయినది. నాలుగు మెట్లు దాటువరకు నాకు తెలియనే లేదు. వెనుకనున్న మనుమడు "తాతా, చెప్పు!" అని కేకవేసెను. వయస్సు మీరినదిగదా యని నవ్వితిని. ఆ నవ్వునకు మూడు మాసములు వ్యర్థమైనవి.

తరువాత రొమ్ముచుట్టు పట్టీ బిగించినట్లు తోచెను; కాళ్లు కొయ్యలవలె బిగిసెను. హిందూపురమున నింట గూర్చుండి, ఇది వాతమని నాకు నేనే తీర్పు చెప్పుకొని తైలము మర్దించుకొంటిని. అమరము వల్లించినవానికి అన్నియు తెలిసినట్లే యుండును! ధర్మవరమునుండి వచ్చిన మా వియ్యంకుడు గుంటమగ్గము తొక్కుచు జీవితము గడపినవాడు. ఆయన నా నడక చూచి, "బావగారూ, ఇది కీళ్లనొప్పి గాదు. నొప్పి లేకయే కాలు మీ మాట వినకున్నది" అనెను. మరునాడే బెంగుళూరు రైలెక్కితిమి.

అచట వైద్యుడు అరికాలు గీయగా బొటనవ్రేలు పైకి లేచెను. ఇది మెదడునుండి కాలికి వచ్చు నరముల మార్గము చెడినదనుటకు గుర్తు. బాబిన్‌స్కి యను వైద్యుడు 1896లో వెల్లడించినది. ఎం.ఆర్.ఐ. చిత్రమున, వెన్నుపామును కప్పియుండు మూడు పొరలలో వెలుపలిది వాచి, దళసరియై, లోని పామును నొక్కుచుండుట కానవచ్చెను. మెడభాగమున వచ్చు నిట్టి వ్యాధిని 1869లోనే షార్కో, జాఫ్రువా యను ఫ్రెంచి వైద్యులు వర్ణించిరి. మిక్కిలి యరుదైనది.

అసలు చిక్కు ఇచటనే కలదు. ఆ వాపునకు క్షయ కారణము కావచ్చును. శరీరము తనపై తానే తిరుగబడుటయు కావచ్చును. మొదటిదానికి నెలల తరబడి క్షయమందులు, రెండవదానికి స్టెరాయిడు. క్షయ యుండగా దాని మందు లేక వట్టి స్టెరాయిడు నిచ్చినచో రోగము చెలరేగును. కావున శస్త్రవైద్యులు వెన్నెముకలో కొంత యెముక తొలగించి, ఒత్తిడి తగ్గించి, పొరనుండి తునుకను పరీక్షకు పంపిరి. ఫలితము వచ్చుదాక మా ఇంటిది అన్నము సరిగా ముట్టలేదు. క్షయ కాదనిరి. స్టెరాయిడు ఆరంభించిరి. చక్కెర పెరిగినది, దానికి వేరొక మందు. స్టెరాయిడు మోతాదును వైద్యుడే మెల్లగా తగ్గించవలెనుగాని, మనమంతట మనము ఒక్కసారిగా మానరాదు.

ఇంతకుముందే వచ్చియుండిన కాలు పూర్తిగా మరలెడిదేమో యని నే నడిగితిని. నొక్కుడుపడిన నరము ఎంతకాలము నలిగిన నంత తక్కువగా కోలుకొనునని వైద్యుడు చెప్పెను. కాళ్ల బలహీనతతోపాటు మూత్రము బంధించినను, తెలియక జారినను, ఆ పూటనే ఆసుపత్రికి పోవలయునట.

ఇప్పుడు నా చెప్పులకు మడమవెనుక పట్టీ కుట్టించితిని. పెనుకొండ మెట్లు పది యెక్కగలను. పదునొకండవదానికి మనుమని భుజము కావలయును.