మొదలైన వయసు, తేలిన వయసు: పేగువాపు వ్యాధిలో ఒక పాత తగాదా

(గూడూరు, కర్నూలు జిల్లా: స్మారకోపన్యాసం)

ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ డాక్టరు గారి సేవల గురించి ముందు మాట్లాడినవారు చెప్పారు. నాకు గుర్తున్నది వేరు. నేను ఎమ్మిగనూరు పోతూ ఇక్కడ బస్సు దిగితే, ఉగ్గాని బజ్జీ పెట్టించనిదే ఆయన రోగి సంగతి ఎత్తేవారు కాదు. ఎత్తాక మాత్రం వదిలేవారు కాదు. జబ్బు ఎప్పుడు మొదలైందన్న రోగి జ్ఞాపకాన్ని కేసు షీటులోకి ఎక్కించకూడదని ఆయన, ఎక్కించి తీరాలని నేను. ఆ వాదం తెగకుండానే ఆయన వెళ్లిపోయారు. ఈరోజు నా పక్షం పూర్తిగా చెబుతాను.

పేగువాపు వ్యాధిలో ప్రధానంగా రెండు రకాలు. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగు లోపలిపొరకు వచ్చేది. 1932లో క్రోన్, గింజ్‌బర్గ్, ఒపెన్‌హైమర్ న్యూయార్క్‌లో వర్ణించిన క్రోన్స్ వ్యాధి జీర్ణనాళంలో ఎక్కడైనా రావచ్చు, పేగు గోడను లోతుగా తొలుస్తుంది. ఇవి వైద్యవిద్యార్థులకు కూడా తెలుసు. మొదలైన వయసును బట్టి జబ్బు నడక మారుతుందన్నదీ తేలిన విషయమే. ఆరేళ్లలోపు మొదలైతే ఒకే జన్యువులోని లోపం కారణం కావచ్చని ఇంటర్‌ల్యూకిన్-10 గ్రాహకం మీద 2009లో వచ్చిన పరిశోధన చూపింది. స్కాట్లాండులో 2008లో పోల్చి చూస్తే, కొలైటిస్ ఉన్న పిల్లల్లో నూటికి 80 మందికి పైగా పెద్దపేగులో చాలా మేర పాకి ఉంది, పెద్దల్లో సుమారు సగం మందికే. ఉత్తర ఫ్రాన్స్‌లోని ఎపిమాడ్ రిజిస్ట్రీ ప్రకారం అరవై దాటాక మొదలైన జబ్బు చాలామందిలో మొదట ఉన్నచోటే ఉండిపోతుంది.

నా తగాదా ఆ వయసును దేనితో లెక్కిస్తున్నారన్న దగ్గర. క్రోన్స్ రోగులకు 1998 నాటి వియన్నా వర్గీకరణ నలభై దగ్గర గీత గీసింది. 2005లో మాంట్రియల్ వర్గీకరణ పదహారు వరకు ఏ1, పదిహేడు నుంచి నలభై వరకు ఏ2, ఆ పైన ఏ3 అంది. తరువాత పారిస్ వర్గీకరణ ఏ1ని పదేళ్ల దగ్గర మళ్లీ చీల్చింది. మూడూ లెక్కించేది జబ్బు నిర్ధారణ అయిన వయసునే. లక్షణాలు కనిపించిన కొద్ది నెలల్లో కొలనోస్కోపీ జరిగే దేశంలో రెండు వయసులూ ఒకటే. మన జిల్లా కోసిగిలో ఒకటి కావు.

మా ఓపీలో తరచు కనిపించే వరస చెబుతాను. పద్నాలుగేళ్ల పిల్లకు జిగట విరేచనాలు. ఊళ్లో మాత్రలు. మరుసటి ఏడు అమ్మానాన్నలతో సుగ్గికి గుంటూరు వైపు మిరప కోతలకు వలస పోయింది, బడి ఆగింది. నెత్తురు పడితే మొలలన్నారు, నాటుమందు పోశారు. చిక్కిపోతే పేగు క్షయ అని ఆరు నెలల మందులు. ఆదోని, బళ్ళారి, కర్నూలు తిరిగి ఇరవై రెండో ఏట జబ్బు పేరు క్రోన్స్ అని తేలింది. మనం ఏ2 అని రాస్తాం. అప్పటికే పేగు ఇరుకైపోయి ఉంటుంది. మన దగ్గర ఈ జబ్బు పెద్దవాళ్లకే వస్తుందని, వచ్చేటప్పుడే ఇరుకుతో వస్తుందని పట్టికలు వేస్తాం. అది ఎనిమిదేళ్లు వైద్యం అందని చిన్ననాటి జబ్బు.

క్షయ మందులు ఇచ్చినవారిని నేను తప్పుపట్టడం లేదు. ఈ నేలమీద క్షయ నిజం, బయాప్సీలో క్షయ, క్రోన్స్ రెండూ ఒకేలా కనిపించవచ్చు. కానీ క్రోన్స్ ఉన్నవారికి ముందు క్షయ మందులిచ్చి చూస్తే పేగు ఇరుకయ్యే అవకాశం పెరుగుతుందని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2020లో చూపారు. ఆలస్యం వయసుల పట్టికనే కాదు, పేగునూ మార్చేస్తోంది.

పేగువాపు వ్యాధి పట్నం జబ్బు, పల్లెల్లో ఎందరుంటారని కొందరంటారు. హైదరాబాదు ఏఐజీ ఆసుపత్రి వైద్యులు సంచార ఎండోస్కోపీ వాహనంతో తెలంగాణ పల్లెలు తిరిగారు. పల్లె, పట్నం కలిపి 30 వేలకు పైగా లక్షణాలున్నవారిని పరీక్షించి 2023లో ప్రచురించారు. నూటికి ఐదుగురికి పైగా ఈ జబ్బు తేలింది, పల్లెలు పట్నాలకు తీసిపోలేదు.

ఇక డాక్టరు గారి అభ్యంతరం: జ్ఞాపకం నమ్మదగ్గది కాదు. అలాగైతే కొలైటిస్ రోగికి పెద్దపేగు క్యాన్సర్ కోసం ఎనిమిదో ఏట కొలనోస్కోపీ చేయమనే ఐరోపా మార్గదర్శకాలు ఆ ఎనిమిదేళ్లను ఎక్కణ్నుంచి లెక్కిస్తున్నాయి? లక్షణాలు మొదలైన రోజు నుంచి. క్యాన్సర్ దగ్గర నమ్మిన రోగి మాట వర్గీకరణ దగ్గర ఎందుకు పనికిరాదు?

తొలి విరేచనాలు వేరే కారణంతో వచ్చి ఉండవచ్చన్నది ఇంతకంటే బలమైన ఆక్షేపణ. దానికి సాక్షి పిల్ల ఎత్తు. క్రోన్స్ తేలకముందే పిల్లల్లో ఎత్తు పెరిగే వేగం తగ్గుతుందని కానఫ్, లేక్, బేలెస్ 1988లోనే రాశారు. మన మండలాల్లో పోషణ లేక గిడసబారిన పిల్లలు చాలామంది, నిజమే. అందుకే ఒకనాటి ఎత్తు చాలదు. పిల్లను తన నిరుటి ఎత్తుతోనే పోల్చాలి, పెరుగుదల గీత ఎక్కడ వంగిందో చూడాలి.

ఇప్పుడు నేను చేస్తున్న పని అదే. తేదీలు అడిగితే తల్లులు చెప్పలేరు. 2008 తుంగభద్ర పుష్కరాలకు ముందా, 2009 అక్టోబరు వరదకు తర్వాతా, నోట్లు రద్దయిన ఏడా, లాక్‌డౌన్‌లోనా అంటే తడుముకోకుండా చెబుతారు. ఆ ఆనవాళ్లతో ఒక పంచాంగం తయారుచేస్తున్నాను. తల్లి చెప్పిన ఏడాదిని బడిలో రాసిన ఎత్తులతో సరిచూస్తున్నాను. కేసు షీటులో రెండు గడులు పెట్టాను: మొదలైన వయసు ఒకటి, తేలిన వయసు ఒకటి.

సభలో ఉపాధ్యాయులు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఉన్నారు. పాత ఎత్తుల రిజిస్టర్లు పారేయకండి. నెల దాటి విరేచనాలు తగ్గని పిల్లలను, బరువు తగ్గి ఎదుగుదల ఆగిన పిల్లలను మా ఓపీకి పంపండి. పేగు క్షయ మందులు మొదలుపెట్టి రెండు మూడు నెలలైనా గుణం కనిపించకపోతే ఆరు నెలలు నిండేదాకా ఆగకండి. వచ్చేటప్పుడు తల్లిని వెంట రమ్మనండి, బడిలో ఎత్తు రాసిన పుస్తకమూ తెమ్మనండి.