తరంగ వర్ధకాల దక్షత – దాని ఆవశ్యకత
(సూరత్ నగరంలోని కోసాడ్‌లో తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)



తాపీ నదికి ఉత్తరాన ఉన్న ఈ కోసాడ్‌లో మీతో తెలుగులో మాట్లాడే అవకాశం లభించినందుకు ఎంతో ఆనందిస్తున్నాను. తెలంగాణ జిల్లాల నుండి వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా సూరత్‌లో మరమగ్గాలను నడుపుతున్నాయి. గంజాం నుండి వచ్చిన ఒడియా సోదరులు వారి సరసనే పనిచేస్తున్నారు. వీరందరినీ స్వగ్రామాలతో కలిపి ఉంచుతున్నది ఈనాడు సెల్‌ఫోన్. మన మాటను టవర్ నుండి దూరానికి పంపేది శక్తి వర్ధకం, అనగా పవర్ యాంప్లిఫయర్. దానిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుండి విడుదలైన నీటితో తాపీ పొంగి, సూరత్‌లో అధిక భాగం మునిగిపోయిన సంగతి మీరెరుగుదురు. అటువంటి విపత్తులో విద్యుత్తు నిలిచిపోతే టవర్ బ్యాటరీలపైనే నడవాలి. ఎన్ని గంటలు నడవగలదన్నది వర్ధకం దక్షతపై ఎంతో ఆధారపడి ఉంటుంది.

ఒక లెక్క చూద్దాం. ఒక్కొక్కటి 40 వాట్లు ప్రసారం చేసే వర్ధకాలు టవర్‌పై 12 ఉన్నవనుకొందాం. దక్షత 30 శాతమైతే ఒక్కొక్కటి సుమారు 133 వాట్లు తీసుకొంటుంది. అందులో 93 వాట్లు వేడిగా వృథా అవుతుంది. మొత్తం వినియోగం 1,600 వాట్లు. దక్షత 50 శాతమైతే 960 వాట్లు చాలును. వర్ధకాల వినియోగాన్ని మాత్రమే లెక్కించినట్లయితే, 48 వోల్టుల, 200 ఆంపియర్-గంటల బ్యాటరీ మొదటి పక్షంలో 6 గంటలు, రెండవ పక్షంలో 10 గంటలు నిలుస్తుంది. వరదలో చిక్కుకొన్న కుటుంబానికి ఆ 4 గంటల విలువ ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు.

మరి దక్షత ఎందుకు తగ్గుతుంది? 4జి, 5జి సంకేతాల స్థాయి నిలకడగా ఉండదు. సగటు 40 వాట్లైనా, క్షణకాలం 250 వాట్లను తాకవచ్చును. ఆ శిఖరానికి తగినట్లు వర్ధకాన్ని పెద్దదిగా నిర్మించాలి. కాని తక్కువ శక్తి వద్ద అది అధికంగా వృథా చేస్తుంది. పండుగ గిరాకీ కోసం నెలకొల్పిన మగ్గాలన్నిటినీ కొద్దిపాటి నూలుకే ఏడాది పొడవునా తిప్పినట్లుంటుంది ఇది. 1936లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల ఇంజనీరు డోహర్టీ దీనికి ఉపాయం చెప్పారు. ఒక వర్ధకం ఎల్లవేళలా పనిచేస్తుంది. రెండవది శిఖరాల వద్ద మాత్రమే తోడ్పడుతుంది.

ఇక్కడ మరొక చిక్కు ఉన్నది. 1800 బ్యాండ్‌లో టవర్ 1805–1880 మెగాహెర్ట్జ్ మధ్య, 2100 బ్యాండ్‌లో 2110–2170 మెగాహెర్ట్జ్ మధ్య ప్రసారం చేస్తుంది. రెండింటికీ ఒకే వర్ధకమైతే పరికరాల సంఖ్య, బరువు తగ్గుతాయి. కాని డోహర్టీ అమరికలో రెండు వర్ధకాలను కలిపే మార్గం తరంగదైర్ఘ్యంలో నాలుగవ వంతు పొడవు ఉండాలి. గాలిలో లెక్కిస్తే అది 1805 వద్ద సుమారు 4.15 సెంటీమీటర్లు, 2170 వద్ద 3.45 సెంటీమీటర్లు. ఒకే కొలత రెండింటికీ పూర్తిగా కుదరదు. పైగా ట్రాన్సిస్టర్‌లో సహజంగా ఉండే కెపాసిటెన్స్ వల్ల, బ్యాండ్ విస్తరించిన కొద్దీ పొందిక సడలుతుంది. ఈ హద్దును బోడె, ఫానో అనే శాస్త్రజ్ఞులు గణితంతో నిరూపించారు. కనుక ఒక్క పౌనఃపున్యం వద్ద పరిపూర్ణత కోరడం కంటె బ్యాండ్ అంతటా మంచి దక్షత సాధించడమే ఇంజనీరు లక్ష్యం కావాలి.

ఇందుకు గ్యాలియం నైట్రైడ్ ట్రాన్సిస్టర్లు తోడ్పడుతున్నాయి. అంతే శక్తికి వీటి కెపాసిటెన్స్ సిలికాన్ ట్రాన్సిస్టర్ల కంటె తక్కువ. ఢిల్లీలోని ఘనస్థితి భౌతిక ప్రయోగశాల రూపొందించిన ఈ సాంకేతికతతో, హైదరాబాదులోని గేటెక్ సంస్థలో రక్షణ అవసరాలకై పరిమితంగా ఉత్పత్తి ఏర్పాటైనది. 2025 సెప్టెంబరు 27న దేశీయ 4జి వ్యవస్థ జాతికి అంకితమైంది. ఈ రెండు కృషులూ ఒకచోట కలిసి, మన టవర్ల వర్ధకాలు మన ట్రాన్సిస్టర్లతోనే తయారు కావాలి.

తెలుగైనా, గుజరాతీ అయినా, ఒడియా అయినా వర్ధకానికి భేదం లేదు. అందరి మాటనూ అది సమానంగా మోస్తుంది. మీ పిల్లలలో కొందరైనా ఈ విద్యను అభ్యసించి, ఆ బరువును తక్కువ వృథాతో మోసే సాధనాన్ని నిర్మించాలని కోరుతూ సెలవు తీసుకొంటున్నాను.

జై హింద్.