పెద్దల సొత్తు, పిల్లల పూచీ
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువుల గురించి, ఉద్యోగాల గురించి, పెళ్లి ఖర్చుల గురించి ఈ సభల్లో ఏటేటా వింటూనే ఉన్నాం. నాకిచ్చిన విషయం వాటి పక్కన చిన్నదిగానే కనబడుతుంది. ఇంట్లో ముసలి తల్లిదండ్రుల దగ్గరున్న నగానట్రా, నాలుగు కాగితాలు, కొద్దిపాటి రొక్కం, వీటిని ఎలా భద్రపరచాలి? ఒక ఇనప్పెట్టె కొని ఇస్తే మన బాధ్యత తీరిపోతుందా? ఇంతే విషయం. కాని సోదరులారా, అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోవడానికీ, పదేళ్లు నమ్మకంగా పనిచేసిన పనిమనిషి మీద దొంగతనం మోపడానికీ చాలా ఇళ్లల్లో కారణం ఈ చిన్న విషయమే. అందుకని కాస్త వివరంగా మనవి చేస్తాను.

మన దాదీలు, నానీలు సొమ్ము దాచిన తీరు అందరికీ తెలిసిందే. ఇనుప సందూకు అడుగున పాత చీర మడతల్లో, బియ్యం డబ్బాలో, దిండు గలీబులో, దేవుడెరుగు, గోడ గూట్లో కూడా! ఆ రోజుల్లో అది సాగింది. ఇంటినిండా మనుషులు ఉండేవారు. తాళం కంటె మనుషులే కాపలా. ఈనాడు కొడుకు కువైట్‌లోనో దుబాయిలోనో ఉన్నాడు, కూతురు హైదరాబాదులో ఉంది, ఊళ్లో ఇంట్లో మిగిలింది ఇద్దరు ముసలివాళ్లు, లేదా ఒక్కరే. సందూకు మాత్రం అదే సందూకు.

2016 నవంబరు 8న 500, 1000 రూపాయల నోట్లు రద్దయినప్పుడు ఈ దాపరికం సంగతి బయటపడింది. ఏ డబ్బాలో ఎంత పెట్టారో గుర్తులేక, గడువు దాటాక దొరికిన నోట్లు చేతిలో పెట్టుకుని కూర్చున్న ముసలమ్మలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. 2023 మే 19న 2,000 నోటును చలామణి నుంచి ఉపసంహరిస్తున్నట్లు రిజర్వు బ్యాంకు ప్రకటించినప్పుడు మళ్లీ అదే వెతుకులాట. దొంగ రాలేదు, దోపిడీ జరగలేదు. అయినా సొమ్ము పోయింది.

కాబట్టి పెద్దల సొత్తుకు ప్రమాదం ఎటునుంచి వస్తుందో ముందు తెలుసుకోవాలి. మొదటిది మరుపు. పెట్టిన చోటు మర్చిపోతారు. ఇల్లంతా వెతుకుతారు. అనుమానం పనిమనిషి మీదికో కోడలి మీదికో పోతుంది. వారం తర్వాత ఆ గొలుసు చింతపండు డబ్బాలో దొరుకుతుంది. గొలుసు దొరికింది గాని, అన్న మాట వెనక్కి వస్తుందా? రెండవది మోసం. బంగారానికి మెరుగు పెడతామని వచ్చేవాళ్లు, పోలీసులమని చెప్పి నగలు తీయించి కాగితంలో చుట్టి ఇచ్చి మాయమయ్యేవాళ్లు, ఇప్పుడు ఫోనులో “డిజిటల్ అరెస్టు” అని బెదిరించేవాళ్లు. మూడవది నిప్పు, నీరు, చెదలు. నాలుగవది దొంగ. అయిదవది చెప్పడానికి నోరు రాదు గాని చెప్పక తప్పదు, సొంతవాళ్లు. ఈ అయిదింటిలో ఇనప్పెట్టె కొన్నింటికే పనికి వస్తుంది. ఆ సంగతి కొనబోయే ముందే తెలిసి ఉండాలి.

ఇక పెట్టె సంగతి. స్టీలు బీరువాను చాలామంది ఇనప్పెట్టె అనుకుంటారు. బీరువా రేకు పల్చన. ఒక ఇనుప కడ్డీ ఉంటే తలుపు వంగుతుంది. బజారులో పది కిలోల లోపు బరువుతో అమ్మే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెలు కూడా ఉన్నాయి. వాటిని ఊరికే బీరువాలో పెట్టుకుంటే దొంగకు పని తేలిక చేసినట్లే. తెరిచే శ్రమ కూడా పడడు, పెట్టెతో సహా సంచిలో వేసుకుపోతాడు. ఆ పెట్టెలకు అడుగునా వెనుకా రంధ్రాలు ఇచ్చేది ఊరికే కాదు. వాటిగుండా బోల్టులు వేసి కాంక్రీటు నేలకో ఇటుక గోడకో గట్టిగా బిగించాలి. అద్దె ఇల్లయితే ఇంటివారిని అడిగి చేయించండి.

మరో సంగతి. దొంగను ఆపే పెట్టె వేరు, నిప్పును ఆపే పెట్టె వేరు. నిప్పుకు తట్టుకునే పెట్టెకు రెండు గోడలు ఉండి, మధ్యలో వేడికి ఆవిరి వదిలే పదార్థం నింపి ఉంటుంది. లోపలి కాగితం మాడకుండా ఎన్ని నిమిషాలు, ఎంత వేడికి ఆగుతుందో తయారీదారు రాసి ఇస్తాడు. అది చూసి కొనాలి. ఆ నింపుడు వల్లనే లోపల కొంచెం చెమ్మ చేరుతుంది. కాగితాలు ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, పక్కన సిలికా జెల్ పొట్లాలు ఉంచి, అప్పుడప్పుడు మార్చాలి. నీటి సంగతి ఇంకా వేరు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉంది. అటువంటి నీటికి మామూలు ఇనప్పెట్టె ఆగదు. పల్లపు ప్రాంతంలో ఉన్నవారు పెట్టెను పై అంతస్తులో బిగించుకోవడం మంచిది.

ఎక్కడ పెట్టాలి? వచ్చినవాళ్ల కంట పడకూడదు, పెద్దవాళ్ల చేతికి అందాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషిని నేల మీద కూర్చోబెట్టి తాళం తీయమనడం న్యాయం కాదు. రెండడుగుల ఎత్తున చిన్న సిమెంటు దిమ్మె కట్టించి దానిమీద బిగిస్తే వంగే పని తగ్గుతుంది. అక్కడ మంచి దీపం ఉండాలి. స్నానాల గది గోడకు ఆనించవద్దు, గ్యాసు పొయ్యి దగ్గర అసలే వద్దు.

తాళం ఎటువంటిది? వేలిముద్ర తాళమని అంగడివాడు గొప్పగా చూపిస్తాడు. రేషను దుకాణం దగ్గర వేలిముద్ర పడక మన పెద్దలు పడే తిప్పలు చూస్తూనే ఉన్నాం గదా! అరిగిపోయిన వేళ్లకు ఆ తాళం తగదు. అంకెల మీటలున్నది తీసుకుంటే పెద్ద మీటలు, వెలుగు ఉన్నది చూడండి. దుకాణంలో అమ్మీ చేతనే రెండు మూడు సార్లు తెరిపించి చూసి కొనండి. ఇంటికి రాగానే తయారీదారు పెట్టిన అంకె మార్చండి. పుట్టినరోజు, ఫోను నంబరు, ఇంటి నంబరు పెట్టవద్దు. సెల్లులు ఏడాదికొకసారి, రంజాన్ నెలలో అని గుర్తు పెట్టుకుని మార్చండి. సెల్లులు అయిపోతే తెరిచే అత్యవసర తాళంచెవిని మాత్రం దయచేసి ఆ పెట్టెలోనే పెట్టి తలుపు వేయకండి! నవ్వుతున్నారు గాని ఇది జరిగే పనే.

ఇప్పుడు ముఖ్యమైన మాట, జాబితా. పెట్టెలో ఏమున్నదో కాగితం మీద లేకపోతే ఆ పెట్టె సగమే పెట్టె. జకాత్ లెక్క కోసం ఏటా నగలు తూకం వేయించుకునే అలవాటు మనకు ఉండనే ఉంది. బంగారానికి ఏడున్నర తులాలు, వెండికి యాభై రెండున్నర తులాలు అని నిసాబు చెప్పుకుంటాం. ఆ తూకం రోజునే జాబితా రాసేయండి. రాసేటప్పుడు తులాల్లో కాక గ్రాముల్లో రాయండి. పాత తులం 11.66 గ్రాములు, ఈనాటి బజారు తులం 10 గ్రాములు. దాదీ “పది తులాల హారం” అంటే ఆమె పెళ్లినాటి తులమా, ఇప్పటి తులమా? ఈ తేడాలోనే 16 గ్రాములకు పైగా పోయిందని ఇంట్లో అనుమానాలు పుడతాయి. ఒక్కొక్క నగకు ఫోటో తీయండి, బరువు రాయండి, హాల్‌మార్కు ఉన్న కొత్త నగ అయితే దానిమీది ఆరు అక్షరాల, అంకెల హెచ్‌యూఐడీ సంఖ్య కూడా రాయండి. పోయినప్పుడు పోలీసు స్టేషనులో ఫిర్యాదుకూ, బీమా కంపెనీకీ ఈ కాగితమే ఆధారం. ఇంటి బీమా ఉన్నా నగలకు, దొంగతనానికి విడిగా అడిగి రాయించుకోవాలి. ఇంటికి బీమా ఉంది గదా అని ఊరుకోవద్దు.

అన్నీ ఇంట్లోనే పెట్టమని నేను చెప్పడం లేదు. రోజూ వాడే గాజులు, గొలుసు, ఆసుపత్రి ఖర్చుకు పదో ఇరవయ్యో వేలు, పింఛను కాగితాలు, ఆస్తి పత్రాల నకళ్లు ఇంట్లో ఉంటే చాలు. పెళ్లిళ్లకు తీసే బరువు నగలు, అసలు దస్తావేజులు బ్యాంకు లాకరులో ఉండాలి. అయితే లాకరు కూడా సర్వరక్ష కాదు. లోపల ఏముందో బ్యాంకుకు తెలియదు. 2022 జనవరి 1 నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం దొంగతనం, అగ్ని ప్రమాదం, భవనం కూలడం, సిబ్బంది మోసం వంటివి జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. అద్దె 3,000 అయితే 3 లక్షలు. భూకంపం, వరద వంటి వాటికి ఆ బాధ్యత కూడా లేదు. మూడేళ్లు వరుసగా అద్దె కట్టకపోతే నోటీసు ఇచ్చి లాకరు పగలగొట్టవచ్చు. విదేశాల్లో ఉన్న పిల్లలు ఈ అద్దె సంగతి మరువరాదు.

సోదర సోదరీమణులారా, ఇంతవరకూ ఇనుము గురించి చెప్పాను. ఇప్పుడు మనుషుల గురించి చెబుతాను. పెట్టె కొన్నారు. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి?

కొడుకు డబ్బు పెట్టి కొన్నాడు గనుక తాళంచెవి కొడుకు దగ్గర అంటే, అది అమ్మీ సొమ్ముకు కాపలా కాదు, అమ్మీ సొమ్మును లాక్కోవడమే. ఆమె మెహర్ ఆమెది. పుట్టింటివారు పెట్టినవి ఆమెవి. తాను ఇష్టమైనప్పుడు తీసి చూసుకోలేని నగ, మనవరాలికి ఒక ఉంగరం ఇవ్వాలన్నా కోడలిని అడగవలసిన నగ ఆమెకు ఉన్నట్టా, లేనట్టా? మతి తప్పనంత కాలం తాళంచెవి ఆమె నడుముకే ఉండాలి. రెండవ తాళంచెవి గాని, అంకె రాసి అతికించిన కవరు గాని, ఆమె ఎవరిని చెబితే వారి దగ్గర ఉండాలి. జాబితా నకలు మాత్రం పిల్లలందరికీ, ఆడపిల్లలకు కూడా ఇవ్వాలి. తాళంచెవి ఒకరి దగ్గర, లెక్క అందరి దగ్గర. మరుపు జబ్బు మొదలైందని డాక్టరు చెబితే అప్పుడు ఇద్దరు పిల్లలు కలిసి ఉన్నప్పుడే పెట్టె తెరిచే ఏర్పాటు చేసుకోండి. తీసినది, పెట్టినది తేదీతో రాసుకోండి. అమానత్ అన్న మాటకు అర్థం ఇదే.

ఇంకొక చిక్కు ఉంది. “ఈ గాజులు చిన్నకోడలికి, ఆ హారం పెద్దమ్మాయికి” అని అమ్మీ నోటితో అంటుంది. నగలు మాత్రం పెట్టెలోనే ఉంటాయి. ఆమె కన్నుమూశాక తగాదా. మన చట్టంలో హిబా పూర్తికావాలంటే ఇస్తున్నానని చెప్పడం, అవతలివారు స్వీకరించడం, వస్తువు స్వాధీనం చేయడం, మూడూ జరగాలి. చేతికి ఇవ్వనిది ఇచ్చినట్టు కాదు, అది వారసులందరి పాలు. వసీయత్ రాసినా అప్పులు, ఖర్చులు పోగా మిగిలినదాంట్లో మూడో వంతుకే చెల్లుతుంది. వారసునికే రాస్తే మిగతా వారసులు ఒప్పుకోవాలి. బ్యాంకులో నామినీగా పేరున్నంత మాత్రాన ఆ సొమ్ము తనదే అనుకోవడం కూడా పొరపాటు. నామినీ తీసుకొని వారసులకు అప్పగించవలసినవాడే. డిపాజిట్ల విషయంలో 2010లో సుప్రీంకోర్టు ఈ మాటే స్పష్టం చేసింది. కనుక పెద్దలారా, ఇవ్వదలచినది బ్రతికుండగానే చేతికి ఇచ్చేయండి. ఇవ్వదలచనిది ఆశ పెట్టవద్దు.

పిల్లలు చూడనప్పుడు పెద్దలకు దిక్కు లేదనుకోవద్దు. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీఓ గారి ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. చూసుకుంటామనే షరతు మీద రాయించుకున్న ఆస్తిని, చూడనప్పుడు రద్దు చేయించవచ్చు. వృద్ధుల సహాయానికి 14567, ఫోను మోసాలకు 1930 నంబర్లు ఉన్నాయి. ఈ రెండూ పెద్ద అక్షరాలతో రాసి పెద్దల మంచం పక్క గోడకు అతికించండి. ఒకవేళ దొంగ కత్తి చూపి నిలబడితే పెట్టె తెరిచి ఇచ్చేయమని కూడా పెద్దలకు ముందే చెప్పి ఉంచండి. ప్రాణం కంటె బంగారం ఎక్కువ కాదు.

చివరిగా ఒక్క కోరిక. ఈ సభ నుంచి ఇంటికి వెళ్లాక ఈ వారంలో ఒక సాయంత్రం అమ్మీ అబ్బాల పక్కన కూర్చోండి. “మీ సొమ్ము ఎక్కడుంది?” అని అడగవద్దు. “మీ సొమ్ము భద్రంగా ఉండాలంటే మేమేం చేయాలి?” అని అడగండి. మొదటి మాటకు వారికి భయం వేస్తుంది, రెండవ మాటకు ధైర్యం వస్తుంది. ఆ ధైర్యం ఇచ్చిన తర్వాతనే ఇనప్పెట్టె కొనడానికి బజారుకు వెళ్లండి.